అయిదింటి ఆకలి

మన ఊళ్లలో ఫాస్ట్ ఫుడ్ అంటే పిజ్జా, బర్గర్ కాదు. ఆ మాట వినగానే నాకు కళ్ల ముందు కనిపించేది రోడ్డు పక్కన బండి, నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా అని ఎర్రక్షరాలతో రాసిన బోర్డు, భగ్గుమని లేచే మంట, కడాయికి గరిటె తగిలే టంగు టంగు చప్పుడు. మా ఆదోనిలో అయినా, ఇక్కడ కూకట్‌పల్లిలో అయినా అదే బండి, అదే వాసన. నిన్నమొన్నటి దాకా వారంలో నాలుగు రాత్రులు మా తిండి అక్కడిదే. అక్కడే నిలబడి తినేవాణ్ని, లేదంటే పార్సిల్ కట్టించుకుని వెళ్తే ఇంట్లో ముగ్గురం తినేవాళ్లం. ఇప్పుడు నెలకు ఒకసారి. దీని గురించి రాయాలని ఎందుకనిపించిందంటే, అంతకుముందు మూడుసార్లు మానేద్దామని గట్టిగా అనుకుని మూడుసార్లూ వారం తిరక్కుండానే మళ్లీ బండి దగ్గరికే వెళ్లాను. తప్పు ఎక్కడుందో చాలా ఆలస్యంగా తెలిసింది.

నా రోజు ఇలా ఉంటుంది. పన్నెండున్నరకు ఆఫీసులో భోజనం. నాలుగింటికి టీ, రెండు బిస్కెట్లు. ఏడున్నరకు రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, కేపీహెచ్‌బీలో దిగేసరికి ఎనిమిదిన్నర కావస్తుంది. అంటే మధ్యాహ్నం భోజనానికీ రాత్రి భోజనానికీ మధ్య ఎనిమిది గంటలు. స్టేషన్ మెట్లు దిగుతుండగానే వెల్లుల్లి, సోయా సాస్ వాసన ముక్కుకు తగిలేది. ఇంట్లో బీరకాయ కూర చేసిపెట్టారని తెలిసినా కాళ్లు అటే లాగేవి.

ఒక రాత్రి బండి దగ్గర జనం ఎక్కువగా ఉండి కడాయి పక్కనే నిలబడాల్సి వచ్చింది. మొదటిసారి నా ప్లేటు ఎలా తయారవుతుందో మొదటి నుంచి చివరిదాకా చూశాను. నూడుల్స్ అంటుకోకుండా ముందే నూనె పట్టించి గంపలో పెట్టారు. కడాయిలో పెద్ద గరిటెడు నూనె. గుడ్డు కొట్టాక ఇంకో సగం గరిటె. గుప్పెడు క్యాబేజీ, చిటికెడు క్యారెట్. తర్వాత వరసగా పెట్టిన డబ్బాల్లోంచి ఉప్పు, అజినమోటో, మిరియాల పొడి, దాని మీద సీసా ఎత్తి గుండ్రంగా తిప్పి పోసిన సోయా సాస్, ఆపైన చిల్లీ సాస్. మొత్తం మూడు నిమిషాలు కూడా పట్టలేదు. తినేసిన తర్వాత ప్లేటు అడుగున గోధుమరంగు నూనె మడుగులా మిగిలి ఉంది, అంతకుముందు ఎన్ని వందలసార్లు ఆ మడుగును చూసి ఉంటానో, కానీ ఆ రోజే దాన్ని సరిగా చూశాను.

ఇంటికెళ్లాక లెక్కలు వెతికాను. పెద్ద చెంచాడు సోయా సాస్‌లోనే రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది, పెద్దవాళ్లు రోజు మొత్తానికి అయిదు గ్రాముల లోపే తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇక నూనె సంగతి. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల తిండికి చూపించే నమూనా పళ్లెంలో రోజంతటికీ కలిపి నూనె, కొవ్వులు 27 గ్రాములే. నేను చూసిన ఆ గరిటెతో ఒక్క ప్లేటుకే అది అయిపోతుంది. అదే పళ్లెంలో సగం కూరగాయలూ పండ్లూ ఉండాలి, నా ప్లేటులో ఉన్నది ఆ గుప్పెడు క్యాబేజీ. ఈ సంస్థ 2024 మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు, దేశంలో మొత్తం వ్యాధుల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లేనని అంచనా చెప్పింది. సగానికి పైగా! మా నాన్నకు షుగర్. నాకు ఆఫీసు చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.0 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే షుగర్‌కు ముందు దశ అంటారు, రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు కూడా 150 లోపు ఉండాల్సింది బాగా దాటాయి. భయం వేసింది, దాచుకోవడం ఎందుకు.

ఇక్కడ ఒక మాట. అందరూ అజినమోటోను తిడతారు, దానివల్లే అన్ని రోగాలూ అన్నట్టు మాట్లాడతారు. నాకు అలా అనిపించడం లేదు. అందులో సోడియం మామూలు ఉప్పులో ఉన్నదాంట్లో మూడో వంతే. అజినమోటో వెయ్యొద్దన్నా అని చెప్పి, సంతృప్తిగా రెండు గరిటెల నూనె, మూడు సాసులు తినేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. మనసు పెట్టి చూడాల్సింది నూనె, ఉప్పు, మైదా, ఇంకా పదేపదే కాచిన నూనె. నూనె నల్లబడి, నురుగు కట్టి, చిన్న మంట మీదే పొగ వస్తుంటే అక్కడ మంచూరియా తినకండి. ఎర్రగా మెరిసే మంచూరియా అసలే వద్దు, కృత్రిమ రంగులు వేస్తున్నారని కర్ణాటకలో 2024 మార్చిలో గోబీ మంచూరియాలో ఆ రంగులను నిషేధించారు.

బండి అన్న మీద నాకు కోపం లేదు. సాయంత్రం అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా ఆ మంట ముందు నిలబడి, 80 రూపాయలకు వేడిగా కడుపు నింపుతున్నాడు. చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండే పిల్లలకు ఆ టైములో వేరే ఏం దొరుకుతుంది?

మానేద్దామనుకున్న మూడుసార్లూ నేను రాత్రి భోజనాన్నే మార్చాలని చూశాను. ఒకసారి ఓట్స్, ఒకసారి సలాడ్, ఒకసారి బ్రౌన్ రైస్. ఒక్కటీ నిలబడలేదు. అమ్మ ఊరి నుంచి వచ్చి నెల రోజులు మా దగ్గర ఉంది. రెండు రోజులు నన్ను చూసి మూడో రోజు అంది, "ఆకలి మింద ఉండేవానికి ఏది కనపడితే అది తినాలనిపిస్తాది నాయనా. సాయంత్రం కడుపులోకి ఏమన్నా పడితే గదా." మర్నాడు పొద్దున నా బ్యాగులో చిన్న స్టీలు డబ్బా పెట్టింది. నల్ల సెనగల గుగ్గిళ్లు. రాత్రి నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో అయిదు విజిల్స్, చెంచాడు నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ, పైన కాస్త పచ్చికొబ్బరి. అయిదుంబావుకు నా సీటులోనే కూర్చుని తిన్నాను. మూత తియ్యగానే ఇంగువ వాసనకు పక్క సీటాయన తల తిప్పాడు, ఆయనకూ ఒక గుప్పెడు పెట్టాను.

ఆ రాత్రి మెట్లు దిగాను. వాసన అంతే ఉంది, బాగుంది కూడా. కానీ లాగలేదు. బండి దాటి ఇరవై అడుగులు వేశాక గాని దాటేశానని నాకు తెలియలేదు. నెలలపాటు మనసుతో పోట్లాడి గెలవలేనిది ఒక డబ్బా గుగ్గిళ్లతో అయిపోయింది. అప్పుడర్థమైంది, నా సమస్య ఎనిమిదిన్నరది కాదు, అయిదింటిది.

అమ్మ వెళ్లిపోయాక ఆ పని నాది, మా ఆవిడదీ. ఆదివారం డబ్బాలు చూసుకుని ఏ రోజు ఏమిటో అనుకుంటాం. సెనగలు, అలసందలు, పెసలు, ఉడకబెట్టిన వేరుసెనగకాయలు, ఒక్కోరోజు రెండు గుడ్లు, ఏమీ కుదరకపోతే అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు. బిస్కెట్లు ఆపేశాను, టీ ఆపలేదు.

రాత్రి తిండి కూడా దానంతటదే తేలికైంది. ఇంట్లో ఎవరికీ ఓపిక లేని రోజు ఉగ్గాని. మా కర్నూలు, అనంతపురం వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం: బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే పిండి పక్కన పెట్టాలి, పోపులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, టమాటా, పసుపు వేగాక బొరుగులు వేసి, పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండాలి. పది నిమిషాలు. మేము క్యారెట్, బీన్స్ ఎక్కువ వేసి పల్లీలు కూడా కలుపుతాం, ఎందుకంటే బొరుగులు కూడా చివరికి తెల్లబియ్యమే. పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం ఊరికి వెళ్లినప్పుడే.

ఇంకో ఆసరా మా రోడ్డు మీద సాయంత్రాలు జొన్నరొట్టెలు చేసే అక్క. తడి చేత్తో పిండి ముద్దను చప్పట్లు కొడుతూ పీట మీద తిప్పుతుంటే చూస్తుండగానే అరచేయంత ముద్ద పళ్లెమంత రొట్టె అవుతుంది, పెనం మీద వేసి పైన నీళ్ల చేత్తో తుడుస్తుంది. ఒక్క చుక్క నూనె లేదు. రొట్టె 20 రూపాయలు, నాలుగు పట్టుకెళ్తే ఇంట్లో ఆకుకూర పప్పు ఎలాగూ ఉంటుంది. ఇది కూడా రోడ్డు పక్క తిండే, ఇది కూడా మూడు నిమిషాల్లోనే అవుతుంది.

మా వాడికి ఏడేళ్లు, నూడుల్స్ అంటే ప్రాణం. వాడికి వద్దని చెప్పలేదు. శనివారం ఇంట్లోనే చేస్తాం, నూడుల్స్ ఎంతో కూరగాయలు అంత, వాడే క్యాప్సికం తరిగి ఇవ్వాలి. నెలకోసారి ముగ్గురం బండి దగ్గరికే వెళ్తాం. "నూనె తక్కువ వెయ్యన్నా, సాస్ సగమే" అంటే ఆయన ఏమీ అనుకోడు, అలాగే చేసిస్తాడు.

ఆరు నెలల తర్వాత చేయించుకున్న పరీక్షలో హెచ్‌బీఏ1సీ 5.7 వచ్చింది. ఇంకా అంచు మీదే ఉన్నాను. ఒక చిక్కు మాత్రం తీరలేదు. వానాకాలంలో తడిసి ఇంటికొచ్చిన రోజు గుగ్గిళ్లు తిని ఉన్నా సరే వేడివేడిగా, కారంగా ఏదో కావాలనిపిస్తుంది. ఉలవచారు పెట్టి చూశాం, బాగుంది గాని దానికి చాలాసేపు పడుతుంది. మీ వైపు అలాంటప్పుడు త్వరగా ఏం చేసుకుంటారో చెప్పండి, ఈ వానాకాలంలోపు నేర్చుకోవాలి.