నీళ్ల లెక్క సరే, మట్టి లెక్క ఏది?

నల్గొండ నుంచి దేవరకొండ వైపు వెళ్తుంటే గుట్టల మీద ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టు గుండ్లు కనబడతాయి కదా, వాటిని ఎవరూ పేర్చలేదు, ఎక్కడి నుంచో దొర్లుకుంటూ రాలేదు కూడా. ఉన్నచోటనే తయారయ్యాయి. గ్రానైట్ బండ ఇంకా నేల లోపల ఉన్నప్పుడే దాని పగుళ్లలోకి నీళ్లు దిగి, ముందు మూలల్ని తినేసి, ఉల్లిపాయ పొరల్లా ఊడదీస్తూ పోతే గుండ్రటి రాయి మిగిలింది. చుట్టూ మెత్తబడ్డ మొరం వానలకు కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి. ఆ బండ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు, దానికేం తొందర లేదు.

ఆ బండ అరిగితే రెండు రకాలుగా అరుగుతుంది. అందులోని పలుగురాయి నీళ్లకు లొంగదు, విడిపోయి ఇసుక అవుతుంది. ఫెల్డ్‌స్పార్ అనే ఇంకో ఖనిజం మాత్రం మెత్తబడి బంకమట్టి అవుతుంది. అంటే వాగులో ట్రాక్టర్లకు ఎత్తే ఇసుక, చెరువులో కాలు దిగబడే ఒండ్రు, రెండూ ఒకే గుట్టవి. ఆ ఒండ్రును వెనకటి రైతులు ఎండాకాలంలో బండ్లతో తోలి మళ్లీ చెలకల్లో పోసుకునేవాళ్లు. 2015లో తెలంగాణలో చెరువుల బాగుకోసం మొదలైన మిషన్ కాకతీయలో జేసీబీలు చేసిందీ ఇదే పని.

పెద్ద డ్యాముల్లో అది కుదరదు. కృష్ణ వరదలో మన ఎర్రమట్టే కాదు, మహారాష్ట్ర, కర్ణాటకల నల్లరేగడి కూడా కలిసి వస్తుంది. పరుగు ఆగిన చోట ముందు ఇసుక, ఆ తర్వాత సన్న ఒండ్రు అడుగుకు దిగుతాయి. శ్రీశైలం మొదట్లో 308 టీఎంసీలు, ఇప్పుడు నిండా నిండినా 215 చిల్లర. సాగర్ 408 నుంచి 312కి వచ్చింది. రెండింట్లో కలిపి పూడిపోయిన జాగాలో జూరాల ప్రాజెక్టు లాంటివి పదిహేను పైనే పడతాయి! మనమేమో ఏటా ఒకటి రెండు టీఎంసీల కోసం పంచాయితీ పెట్టుకుంటాం.

కింద దివిసీమ లాంటి డెల్టా నేలంతా ఈ మట్టి వేల ఏళ్లుగా పోగుపడి తయారైందే. పైన డ్యాములు కట్టాక సముద్రం దాకా చేరే ఒండ్రు బాగా తగ్గింది, అలలు మాత్రం ఆగవు కాబట్టి నది ముఖం దగ్గర కొన్నిచోట్ల తీరం కోసుకుపోతోంది.

సాగర్ పూడిక తీయడం మన చేతిలో లేదు. ఊరి చెరువు ఎండినప్పుడు మాత్రం ఆ మట్టిని ఇటుక బట్టీలకు పోనీకుండా చెలకకు తోలుకోండి, ఇసుక నేలలో తడి ఇంకో నాలుగు రోజులు ఆగుతుంది. మొరం తగిలేదాకా మాత్రం తవ్వించొద్దు, చెరువులో నీళ్లు నిలవవు.