నాందేడ్ హజూర్ సాహిబ్: గోదావరి గట్టున సిక్కుల తఖ్త్

హైదరాబాదు నుంచి మన్మాడ్ వైపు వెళ్ళే రైలెక్కిన తెలుగువారిలో చాలామంది బాసరలో దిగి, పిల్లలకు అక్షరాభ్యాసం జరిపించి వెనక్కి వచ్చేస్తారు. అదే మార్గంలో మరికొంత దూరం వెళితే వచ్చే నాందేడ్ మనకు రైల్వే స్టేషను పేరుగానే ఎక్కువ పరిచయం. సిక్కులకు మాత్రం అది అమృత్‌సర్, ఆనంద్‌పూర్ సాహిబ్, తల్వండీ సాబో, పట్నాలతో పాటు ఐదు తఖ్త్‌లలో, అంటే సిక్కుల అత్యున్నత ధర్మపీఠాలలో, ఒకటి. పదవ గురువు గోవింద్ సింగ్ జీవితం ముగిసిన చోటు. కుటుంబంతో కలిసి ఇటీవల మేము అక్కడికి వెళ్ళాము.

గురువు ఇంత దక్షిణానికి రావడానికి కారణం ఒక రకంగా హైదరాబాదే. ఔరంగజేబు మరణానంతరం హైదరాబాదులో స్వతంత్రత ప్రకటించుకున్న తమ్ముడు కాంబక్ష్‌ను అణచడానికి ఔరంగజేబు కొడుకు, మొగలు చక్రవర్తి బహదూర్ షా దండెత్తి వస్తుండగా, ఆ దండుతో పాటే గురువు 1708లో గోదావరి తీరానికి చేరుకున్నాడు. అక్కడ ఆశ్రమం కట్టుకొని ఉన్న మాధోదాస్ అనే బైరాగి ఆయనకు శిష్యుడై, బందా సింగ్ బహదూర్‌గా పంజాబుకు వెళ్ళి మొగలులపై యుద్ధం సాగించాడు. గురువు మాత్రం హంతకుడి కత్తిపోటు గాయంతో 1708 అక్టోబరు 7న కన్నుమూశాడు. తన తరువాత మానవ గురువు ఉండడనీ, ఇకపై గ్రంథ్ సాహిబే గురువనీ ఆయన ప్రకటించినది ఇక్కడే.

ఆయన చితి పేర్చిన స్థలం మీద ఇప్పుడున్న గురుద్వారాను మహారాజా రంజిత్ సింగ్ 1832–1837 మధ్య కట్టించాడు. బంగారు తాపడం చేసిన గుమ్మటం చాలా దూరం నుంచే కనిపిస్తుంది. చెప్పులు అప్పగించి, కాళ్ళు కడుక్కొని, తలకు గుడ్డ చుట్టుకొని లోపలికి వెళ్ళాలి, జేబురుమాలు సరిపోతుంది. అంగీఠా సాహిబ్ అని పిలిచే లోపలి గదిలోకి పూజారులకు తప్ప ఇతరులకు ప్రవేశం లేదు కాబట్టి, మనవంటి వారు గడప ఇవతలి నుంచే నమస్కరించి రావలసి ఉంటుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది ఇక్కడి పూజా విధానం. ప్రతిరోజూ గోదావరి నుంచి బిందెతో నీళ్ళు తెచ్చి సన్నిధిని శుభ్రం చేస్తారు, దీపాలతో హారతి ఇస్తారు, గురువుకు సంబంధించినవిగా భావించే ఆయుధాలను సాయంత్రం ఒక్కొక్కటిగా చేతపట్టి భక్తులకు చూపుతారు. గురుగ్రంథ్ సాహిబ్‌తో పాటు, గోవింద్ సింగ్ రచనలుగా చెప్పే దశమ గ్రంథానికి కూడా ఇక్కడ స్థానం ఉంది. 1945లో శిరోమణి గురుద్వారా ప్రబంధక్ కమిటీ ఆమోదించిన సిక్కుల ఆచార నియమావళి ‘రహత్ మర్యాద’ దీపాల హారతిని అంగీకరించదు. అయినా హజూర్ సాహిబ్ తన పాత పద్ధతిని వదలలేదు. దక్కను గాలి సోకి సిక్కు ఆచారం మారిపోయిందని కొందరు అంటారు, పాత ఆచారమే ఇక్కడ చెడకుండా మిగిలిందని మరికొందరు వాదిస్తారు. వాదం ఎటు తేలినా, అమృత్‌సర్ చూసి వచ్చినవారు సైతం నాందేడ్‌ను వేరుగా చూడవలసిందేనని నా అభిప్రాయం.

ఇక్కడి దక్కనీ సిక్కులలో పలువురి పూర్వీకులు నిజాం కాలంలో వచ్చినవారు. నిజాం మంత్రి చందూలాల్ కోరిక మీద 1832లో రంజిత్ సింగ్ పంపిన లాహోరీ ఫౌజ్ (సిక్కు సైనిక దళం) హైదరాబాదులో విడిది చేసిన చోటే అత్తాపూర్ దగ్గరి సిక్కు ఛావనీ. నాందేడ్ జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేది; ఈ గురుద్వారా నిర్వహణకు ఆధారమైన చట్టాన్ని చేసినది కూడా ఆ ఏడాది హైదరాబాదు శాసనసభే.

లంగరులో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, నేల మీద బారులు తీరి కూర్చుని తిన్న రొట్టె, పప్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. గురువు వెంట వచ్చిన సంతోఖ్ సింగ్ ఆయన ఆజ్ఞ మేరకు ఇక్కడే ఉండిపోయి లంగరు నడిపాడని చెబుతారు. యాత్రీ నివాసాలలో గదులు చవకగా దొరుకుతాయి కానీ, దసరా, దీపావళి, హోలా మొహల్లా రోజులలో ఆశ పెట్టుకోకపోవడం మేలు.

పట్టణంలోనూ చుట్టుపక్కలా గురువు జ్ఞాపకాలతో ముడిపడిన గురుద్వారాలు మరికొన్ని ఉన్నాయి: బందా ఘాట్, నగీనా ఘాట్, సంగత్ సాహిబ్, మాల్ టేకడీ, శికార్ ఘాట్, హీరా ఘాట్. వీటిలో హీరా ఘాట్ కథ నాకు నచ్చింది. బహదూర్ షా కానుకగా ఇచ్చిన వజ్రాన్ని గురువు గోదావరిలోకి విసిరేశాడట. నది ఒడ్డున ఉన్న నందగిరి కోటలో ఇప్పుడు గోడలు, బురుజులే మిగిలాయి. తీరిక ఉంటే చూడవచ్చు.

సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని కంధార్ కోట విషయం వేరు. చుట్టూ లోతైన కందకం, లోపల ఒకదాని వెనుక ఒకటిగా గోడలు ఉన్న ఈ కోటను రాష్ట్రకూట రాజు మూడవ కృష్ణునితో ముడిపెడతారు. మన వేములవాడ చాళుక్యులు సామంతులుగా ఉన్నది ఈ రాష్ట్రకూటులకే కాబట్టి, వేములవాడ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు కంధార్‌కు ఒక పూట కేటాయించవచ్చు. మాహూర్ రేణుకాదేవి కొండ, పెన్‌గంగ మీది సహస్రకుండ్ జలపాతం బాగా దూరం. జలపాతానికి వానాకాలంలోనే వెళ్ళాలి.

తిరుగు ప్రయాణానికి రైలు కంటే దెగ్లూర్, మద్నూర్ మీదుగా సంగారెడ్డికి వచ్చే రోడ్డు మార్గాన్నే నేను సిఫారసు చేస్తాను. దెగ్లూర్ సమీపంలోని హొట్టల్‌లో చాళుక్యుల కాలపు శివాలయాలు ఉన్నాయి. సిద్ధేశ్వరాలయం గోడల మీది శిల్పాలను తీరికగా చూడాలంటే మధ్యాహ్నం భోజనం కాగానే నాందేడ్‌లో బయలుదేరడం మంచిది.