మా హెచ్‌ఓఏ పూల్ మూతపడ్డాక రిజర్వ్ ఫండ్ కోసం మేం పడ్డ పాట్లు

మేం ఉండేది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. ఇక్కడ ఇల్లు కొన్న మనవాళ్లకి హెచ్‌ఓఏ (కమ్యూనిటీలోని ఇళ్ల యజమానుల సంఘం) అనగానే గుర్తొచ్చేవి ఉత్తరాలే: గడ్డి పెరిగింది, ట్రాష్ బిన్ బయటికి కనిపిస్తోంది, ఫెన్స్‌కి స్టెయిన్ వేయించండి. అవీ అవసరమే, కాదనను. కానీ ఇంటి విలువ నిలబడేది అసోసియేషన్ ఖాతాలో రిజర్వ్ ఫండ్, అంటే పెద్ద మరమ్మతుల కోసం పక్కన పెట్టిన డబ్బు, ఎంతుందన్న దాని మీద అని నా గట్టి నమ్మకం.

జూలై ఎండల్లో, పిల్లలకి సెలవులున్నప్పుడు మా కమ్యూనిటీ పూల్‌కి తాళం వేశారు. అడుగున ప్లాస్టర్ పెచ్చులూడిపోయి అప్పటికే పిల్లల అరికాళ్లు గీసుకుపోతున్నాయి. సరిగ్గా అప్పుడే మా వీధిలో ఒకరు ఇల్లు అమ్మకానికి పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్లకి ఇల్లు బాగా నచ్చింది, కానీ పూల్ ఎప్పుడు తెరుస్తారు, ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది అని అడిగితే చెప్పగలిగినవాళ్లు లేరు. వాళ్లు వెళ్లి పక్క కమ్యూనిటీలో కొనుక్కున్నారు.

మేనేజ్‌మెంట్ కంపెనీకి ఈమెయిల్ పెడితే "బోర్డు పరిశీలిస్తోంది" అన్నదే జవాబు. పక్క వీధిలో ఉండే ఒక తెలుగాయన, "టెక్సాస్ ప్రాపర్టీ కోడ్ 209వ చాప్టర్ చదవండి, మనకి హక్కుంది" అన్నారు. నిజమే. 209.005 సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని సర్టిఫైడ్ మెయిల్‌లో అడిగితే 10 పనిదినాల్లో లెక్కలు ఇవ్వాలి, కుదరకపోతే ఎప్పటికి ఇస్తారో రాసి చెప్పాలి. మనం మాత్రం ఏ కాగితాలు కావాలో వివరంగా రాయాలి, వచ్చి చూసుకుంటామా, కాపీలు కావాలా అన్నది కూడా. నేను బడ్జెట్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, కాంట్రాక్టులు అని విడివిడిగా రాసి పంపాను, వచ్చాయి.

చూస్తే సంగతి తేలిపోయింది. డ్యూస్ (ఇళ్లవాళ్లు అసోసియేషన్‌కి కట్టే డబ్బు) ఏళ్ల తరబడి పెంచలేదు, ఇన్సూరెన్స్, నీళ్లు, గడ్డి కోత ఖర్చులు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి, ఆ తేడా అంతా రిజర్వ్‌లో వేయాల్సిన డబ్బులోంచే పోతోంది.

ఇలాంటప్పుడు కావాల్సింది రిజర్వ్ స్టడీ, అంటే ఏది ఎప్పుడు మార్చాలో, అందుకు ఎంత దాచాలో లెక్కగట్టించడం. టెక్సాస్‌లో అది చేయించి తీరాలని చట్టం లేదు. బోర్డు మీటింగ్‌కి ఇళ్లవాళ్లెవరైనా వెళ్లొచ్చు కాబట్టి కొన్ని కుటుంబాలం కలిసి వెళ్లి అడిగాం, బోర్డు ఒప్పుకుంది. స్టడీ చేయడానికి వచ్చినాయన కమ్యూనిటీ చుట్టూ ఉన్న ఫెన్స్ పోస్టులు ఒక్కొక్కటీ చేత్తో నెట్టి చూశాడు. పైకి గట్టిగా కనిపించేవి కూడా మట్టికి ఆనుకున్న చోట పుచ్చిపోయి ఊగుతున్నాయి. పూల్, పంపులు, ఫెన్స్, ఎంట్రన్స్ గోడ, స్ప్రింక్లర్లు, ఏది ఇంకా ఎన్నాళ్లు ఆగుతుంది, మార్చాలంటే ఎంతవుతుంది, ఏటా ఎంత పక్కన పెట్టాలి అని రిపోర్ట్ ఇచ్చాడు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మా డిక్లరేషన్ (కమ్యూనిటీ నిబంధనల పత్రం) ప్రకారం డ్యూస్ ఒక పరిమితి దాటి పెంచాలంటే ఓటింగ్ పెట్టాలి, ఓటింగ్‌కి కోరం (కనీసం పాల్గొనాల్సిన ఇళ్ల సంఖ్య) కావాలి, మీటింగ్‌కి చూస్తే ఎవరూ రారు. వీకెండ్లలో ఇంటింటికీ తిరిగాం, వాట్సాప్ గ్రూపులో పోరాం, ఇల్లు అద్దెకిచ్చి వేరే రాష్ట్రంలో ఉంటున్నవాళ్లకి ఫోన్లు చేసి బ్యాలెట్ పంపించమని బతిమాలాం. రిటైరైన ఒక పెద్దావిడ, "నా పెన్షన్ పెరగదు కదా, నేనెక్కడి నుంచి తేవాలి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఫండ్ లేకపోతే ఏదో ఒక రోజు స్పెషల్ అసెస్‌మెంట్ అని మొత్తం ఒకేసారి కట్టమంటారని, అది ఆవిడకి ఇంకా భారమని కూర్చుని లెక్క వేసి చూపించాం. ఆవిడ కోసమే డ్యూస్ మూడు నెలలకోసారి కట్టే వెసులుబాటు కూడా ప్రతిపాదనలో పెట్టించాం.

డ్యూస్ తక్కువుంటేనే కొనేవాళ్లు వస్తారని వాదించినవాళ్లకి నేను చూపించింది అదే ప్రాపర్టీ కోడ్‌లోని 207వ చాప్టర్. ఇల్లు అమ్మేటప్పుడు హెచ్‌ఓఏ ఇచ్చే రీసేల్ సర్టిఫికెట్‌లో రిజర్వ్ ఎంతుందో, ఆమోదం పొందిన స్పెషల్ అసెస్‌మెంట్లు ఏమున్నాయో రాయాలి. ఖాతా ఖాళీగా ఉంటే ఆ సంగతి కొనేవాళ్ల చేతికి కాగితం మీదే వెళ్తుంది. చాలామంది ఓటు మారింది ఇక్కడే.

కోరం అతి కష్టం మీద వచ్చింది, తీర్మానం నెగ్గింది. మరుసటి వేసవికి పూల్‌కి కొత్త ప్లాస్టర్ వేసి తెరిచారు. ఫెన్స్ ఒక్కో వైపూ మారుస్తున్నారు, ఎంట్రన్స్ గోడ మాత్రం రిపోర్ట్‌లో దాని వరుస వచ్చేదాకా ఆగాలి. దాని కొటేషన్లు వచ్చే బోర్డు మీటింగ్‌లో పెడుతున్నారు, అందరం వెళ్తున్నాం.