పల్లావరంలో రాళ్ళు కొడుతున్నా

మేముండేది చెన్నైలో, పల్లావరంలో. 1863 మే 30న రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే జియాలజిస్టుకి ఇక్కడే రాతియుగపు పనిముట్టు దొరికిందని, ఈ ఊరొచ్చిన పదకొండేళ్ళకి గానీ నాకు తెలియలేదు. ఆ పనిముట్లు క్వార్ట్జైట్ అనే గట్టి రాతివి. అబ్బ, ఆ రాయి మా కడప వైపు పెన్నలో కావలసినంత! అలాంటి పనిముట్లు నేనూ చేసి చూద్దామని సంక్రాంతికి పుట్టింటికెళ్ళి పన్నెండు గుండ్లు మోసుకొచ్చా.

మేడ మీద గోనెసంచి పరిచి, తొడ మీద పాత తోలుబ్యాగు వేసుకుని కూర్చున్నా. ఎడమచేత్తో రాయి, కుడిచేత్తో పిడికిలంత గుండ్రాయి. కళ్ళద్దాలు, మాస్కు కూడా. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

మొదటి ఆదివారం నాలుగు రాళ్ళు పాడయ్యాయి. ఒకటైతే పగలనే లేదు, మోచేతి దాకా జివ్వుమంది. బట్టలు ఆరేయడానికొచ్చిన మా అత్త కాసేపు చూసి, "బెల్లం గడ్డని నడినెత్తిన కొడతారా అమ్మీ? అంచున కొట్టు" అనింది.

అసలు కిటుకు అదే. దెబ్బ పడే ముఖానికీ పక్క ముఖానికీ మధ్య కోణం 90 డిగ్రీలకన్నా తక్కువుండాలి. ఆ అంచుకి కాస్త లోపలగా కొడితే పెచ్చు లేస్తుంది. కానీ లేచేది మనకి కనిపించే వైపు కాదు, అడుగున. టక్‌మని శబ్దం వస్తుంది, పైన చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది, అరచేతిలో మాత్రం ఏదో బరువుగా ఊడిపడుతుంది. తిప్పి చూస్తే దెబ్బ తగిలిన చోటికి దిగువనే చిన్న బుడిపె. బొటనవేలితో తడిమితే తెలిసిపోతుంది. మనిషి కొట్టిన రాయని చెప్పే గుర్తుల్లో అదొకటి. ఇక పెచ్చు లేచిన గుంట అంచే తర్వాతి దెబ్బకి చోటు. రాయి తిప్పడం, కొట్టడం, మళ్ళీ తిప్పడం.

చేతిగొడ్డలి, అదే, పిడి లేకుండా చేత్తోనే పట్టుకునే రాతి పనిముట్టు మాత్రం ఇంకా కుదర్లేదు. నాది సరిగా వేగని గారెలా ఉంది. చెన్నైకి దగ్గర్లోనే ఉన్న అత్తిరంపాక్కంలో 15 లక్షల ఏళ్ళనాడే రెండువైపులా సమంగా చెక్కిపెట్టారు మరి!

ఒక పెచ్చుతో టమోటా కోశా, తొక్క నలగలేదు. బొటనవేలూ తెగింది, అది వేరే సంగతి.

రాతిముక్కల్ని పెరట్లో పోయలేదు. ఈ ఏడాది అచ్చయిన రూపాయి బిళ్ళ ఒకటి వేసి, బకెట్లో మూతపెట్టి ఉంచా. అసలే పల్లావరం, రేపు ఎవరైనా తవ్వితే!