పాత మినీలో డ్యాష్‌బోర్డు గేజులు మార్చడం: నా అనుభవం

బండి 1968 నాటి మార్క్ 2 మినీ, అంటే బ్రిటిష్ చిన్న కారు. డ్యాష్‌బోర్డు నడుమ కోలగా ఉండే ప్యానెల్, అందులో మూడు డయళ్లు. మధ్యలో స్పీడోమీటర్, దాని ముఖంలోనే పెట్రోల్ గేజ్. ఒక పక్క ఆయిల్ ప్రెషర్, ఇంకో పక్క ఇంజిన్ నీటి వేడి. అన్నీ స్మిత్స్ వారివే. ఈ పనిలో విప్పడం, బిగించడం పెద్ద కష్టం కాదు. చెడింది గేజా, దానికి కరెంటు ఇచ్చే భాగమా అన్నది ముందే తేల్చుకోకపోతే డబ్బు వృథా అవుతుంది.

పెట్రోల్, వేడి గేజులు రెండూ ఒకే స్టెబిలైజర్ నుంచి నడుస్తాయి. అది బ్యాటరీ 12 వోల్టులను సగటున 10 వోల్టులకు తగ్గిస్తుంది. అందుకే రెండు ముళ్లూ కలిసి తప్పు చూపిస్తే స్టెబిలైజర్‌ను అనుమానించాలి. ఒక్కటే తప్పితే ఆ గేజ్, దాని సెండర్ (ట్యాంకులోనో ఇంజిన్‌లోనో ఉండి కొలతను గేజుకు పంపే భాగం), మధ్యలో వైరు చూడాలి. నా బండిలో ట్యాంకు సగమే ఉన్నా పెట్రోల్ ముల్లు ఫుల్ దగ్గర ఉండేది, వేడి ముల్లు కూడా పైపైనే తిరిగేది. స్టెబిలైజర్ డబ్బాకు ఎర్త్ సరిగా అందకపోతే ఇలాగే జరుగుతుంది. లోపలి స్విచ్ తెగకుండా 12 వోల్టులూ నేరుగా గేజులకు వెళ్లిపోతాయి.

పాత రకం స్టెబిలైజర్‌ను డిజిటల్ మీటర్‌తో కొలిస్తే నిలకడగా 10 కనిపించదు. అది కరెంటును ఆపుతూ వదులుతూ ఉంటుంది కాబట్టి అంకెలు 0కీ 12కీ మధ్య గెంతుతుంటాయి. బాగున్న దాన్ని పాడైందని పారేసేవాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. స్టెబిలైజర్‌కు బి, ఐ అని రెండు టెర్మినళ్లుంటాయి. బి వైపు పచ్చ వైరు వస్తుంది, ఐ నుంచి లేత పచ్చ మీద పచ్చ గీత ఉన్న వైరు గేజులకు పోతుంది. పెట్రోల్ సెండర్ వైరు పచ్చ మీద నలుపు, వేడి సెండర్ వైరు పచ్చ మీద నీలం. గేజును విడిగా పరీక్షించాలంటే సెండర్ బదులు రెసిస్టర్ పెట్టండి. దాదాపు 20 ఓమ్స్‌కు ఫుల్, 68కి సగం, 240కి ఖాళీ దగ్గర నిలవాలి. ముల్లు నెమ్మదిగా కదులుతుంది, అర నిమిషమైనా ఆగండి. సెండర్ వైరును నేరుగా బాడీకి తగిలించి అలాగే వదిలేస్తే గేజ్ లోపలి తీగచుట్ట కాలిపోతుంది.

స్టెబిలైజర్ స్థానంలో నేను రెగ్యులేటర్ చిప్ (అదే 10 వోల్టులను నిలకడగా ఇచ్చే చిన్న ఎలక్ట్రానిక్ భాగం) పెట్టాను. ఇక్కడ జాగ్రత్త. 1969కి ముందటి మినీల్లో బ్యాటరీ ప్లస్ బాడీకి కలిసి ఉంటుంది. అందరూ చెప్పే 7810 నంబరు చిప్ నెగటివ్ ఎర్త్ బండికే, అంటే బ్యాటరీ మైనస్ బాడీకి కలిసిన దానికే పనికొస్తుంది, ఈ బండికి 7910 కావాలి. 7810 వెనక రేకు ఎర్త్ కాబట్టి బాడీకి బిగించవచ్చు. 7910 రేకు ఇన్‌పుట్‌కు కలిసి ఉంటుంది, అది బాడీకి తగిలితే షార్ట్. కరెంటు పారనివ్వని మైకా ముక్క, ప్లాస్టిక్ వాషర్ వేసే బిగించాలి.

ఇక విప్పడం. బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, ముందు దాని ఎర్త్ తీగ తీసేయాలి. ప్యానెల్ స్క్రూలు తీశాక ప్యానెల్‌ను కొద్దిగానే ముందుకు లాగాలి, ఎందుకంటే వెనక స్పీడో కేబుల్, ఆయిల్ పైపు పట్టుకుని ఉంటాయి. చేతికి చోటు చాలకపోతే బానెట్ తెరిచి అటువైపు నుంచి ప్రయత్నించండి. పక్క గేజులను వంతెనలాంటి రేకు, గరుకు నట్లు పట్టి ఉంచుతాయి. గేజ్ బాడీకి ఎర్త్ ఆ రేకు ద్వారానే వస్తుంది, తుప్పు గీకకుండా తిరిగి బిగించొద్దు. వైర్ల ఫొటో తీసుకోండి గానీ రంగులను నమ్మి కూర్చోకండి. యాభై ఏళ్ల నూనె, మురికితో పచ్చ, లేత పచ్చ ఒకేలా కనిపిస్తాయి. చీటీలు కట్టడమే మేలు.

ఆయిల్ గేజుకు కరెంటుతో పని లేదు. ఇంజిన్ నుంచి సన్నటి పైపులో నేరుగా ఆయిలే వస్తుంది. నా గేజ్ ముల్లు ఇంజిన్ ఆపినా సున్నాకు దిగడం లేదు, అందుకే మార్చాను. పైపు గేజుకు కలిసే యూనియన్ లోపల చిన్న తోలు వాషర్ ఉంటుంది. పాతది మళ్లీ వాడితే మోకాళ్ల మీద వేడి ఆయిల్ కారుతుంది. ఇంజిన్ వేడెక్కాక నడకలో 60 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టే.

స్పీడోమీటర్ కొనేటప్పుడు డయల్ మీద అడుగున ఉండే చిన్న అంకె చూడాలి. ఉదాహరణకు 1280 అంటే మైలుకు కేబుల్ తిరగాల్సిన చుట్లు. గేర్‌బాక్స్‌లో ఫైనల్ డ్రైవ్ (చక్రాలను తిప్పే చివరి గేరు నిష్పత్తి) 3.76 నుంచి 3.44కి మారిన బండిలో పాత స్పీడో తక్కువ చూపిస్తుంది, 60లో పోతుంటే 55 అంటుంది. మీ బండికి ఎంత కావాలో కొలవడం సులభం. స్పీడో దగ్గర కేబుల్ ఊడదీసి, లోపలి తీగకు అట్టముక్క గుచ్చి, బండిని తిన్నగా 16.09 మీటర్లు తోయించండి. అది మైలులో నూరో వంతు. చుట్లను 100తో గుణించండి. 12.8 వస్తే 1280.

కేబుల్‌కు గ్రీజు కింది భాగానికే, అదీ పల్చగా. స్పీడో వైపు చివరి 8 అంగుళాలు తుడిచి పొడిగా ఉంచాలి. లేకపోతే గ్రీజు పైకి పాకి స్పీడో లోపలికి చేరి ముల్లు పిచ్చిగా ఊగుతుంది. లోపలి తీగ తొడుగు నుంచి బయటకు 3/8 అంగుళం పొడుచుకుని ఉండాలి. ఎక్కడా 6 అంగుళాల వ్యాసార్ధం కన్నా బిగుతుగా వంచకండి.

ప్యానెల్ బయట ఉన్నప్పుడే బల్బులు మార్చేయండి, 987 నంబరువి, 2.2 వాట్లు. వెలుతురు కోసం ఎల్ఈడీలు పెట్టుకోవచ్చు గానీ ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసే కొత్త రకం జనరేటర్) వేసిన బండిలో ఛార్జింగ్ హెచ్చరిక దీపానికి మాత్రం వద్దు. ఆ బల్బు గుండా వెళ్లే కరెంటే ఆల్టర్నేటర్‌ను మేలుకొలుపుతుంది. పాత రకం జనరేటర్ అయిన డైనమో ఉన్న నా బండికి ఆ బెడద లేదు. పాత స్పీడో మైళ్ల అంకెను తేదీతో సహా బండి కాగితాల్లో రాసి పెట్టండి, అమ్మే రోజున కొనేవాళ్లు అడిగేది అదే.