కాకి, కుండ, నా పాత లాప్‌టాప్

మా స్కూల్లో రెండో తరగతి పిల్లలకి కాకి దాహం కథ బొమ్మలు కదిలేలా చూపిద్దామని వేసవి సెలవుల్లో మొదలెట్టా. బొమ్మలు ఏదో పర్లేదు గానీ యానిమేషన్‌లో ఓనమాలు కూడా రావు, ఉన్నది 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్, పైసా ఖర్చు పెట్టే ఉద్దేశం అస్సల్లేదు.

ముందు ఫోన్లో ఒక యాప్ వేసుకున్నా, వేలితో గీస్తే కాకి ముక్కు వంకాయలా వచ్చేది, అయినా ఓపిగ్గా గీశా, తీరా వీడియో సేవ్ చేస్తే మూలన వాళ్ళ పేరు, తీసెయ్యాలంటే డబ్బులు కట్టాలంట. వదిలేశా.

యానిమేషన్ సాఫ్ట్‌వేర్ అంటే అందరూ బ్లెండర్ అంటారు కదా, అందులో గ్రీజ్ పెన్సిల్ అని 2డీ బొమ్మలకి ఒక టూల్ ఉంది, అదీ ఫ్రీయే, చాలా గొప్పది కూడా. కాకపోతే నా కాకి మీద బ్రహ్మాస్త్రం అయిపోయింది. సిన్‌ఫిగ్ అని ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అటొకటి ఇటొకటి పొజిషన్ పెడితే మధ్యలోవి అదే నింపేస్తుంది, కానీ నాకు గీసుకోవడమే సరదా.

చివరికి పెన్సిల్2డీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో కుదిరింది. బిట్‌మ్యాప్ (చుక్కలతో ఏర్పడే బొమ్మ), వెక్టర్ (గీతలుగా గుర్తుంచుకునే బొమ్మ), సౌండ్, కెమెరా, నాలుగు రకాల లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు, అంతే. ఆనియన్ స్కిన్ ఆన్ చేస్తే ముందు గీసిన బొమ్మ ఉల్లిపొర కాగితం కింద పెట్టినట్టు లేతగా కనిపిస్తుంది. సెకనుకి 12 ఫ్రేములు, అంటే 12 బొమ్మల చోట్లు, నా 20 సెకన్ల వీడియోకి 240 బొమ్మలా అని గుండె గుభేల్మంది గానీ ఒక బొమ్మ గీస్తే తర్వాతది వచ్చేదాకా అదే నిలబడుతుంది, కుండ వేరే లేయర్లో ఒక్కసారి గీస్తే చాలు. ఇది తెలీక మొదటిరోజు కుండని కూడా ప్రతి ఫ్రేములో గీశా, ప్లే చేస్తే చలిజ్వరం వచ్చినట్టు వణికింది, నలభై బొమ్మలు డిలీట్.

అన్నిటికన్నా గులకరాయి ఏడిపించింది, రెండు సాయంత్రాలు దానికే. సమానమైన దూరాల్లో కిందకి దింపితే దూదిపింజలా వస్తోంది. పైన గ్యాప్ తక్కువ, కిందకొచ్చేకొద్దీ ఎక్కువ పెట్టి ఆరు ఫ్రేముల్లో దించేశా, అప్పుడొచ్చింది రాయికి బరువు. "టుబుక్" సౌండ్ మాత్రం మా వంటింటి బిందెలో చింతగింజ వేసి ఫోన్లో రికార్డు చేసిందే.

స్కూలు తెరిచాక చూపిస్తే ఒక పిల్ల, "టీచర్, కాకి కళ్ళు ఆర్పట్లేదేంటి?" అంది. ఆ రాత్రే కూర్చుని మూసిన కన్ను ఒకటి గీసి మూడు చోట్ల రెండేసి ఫ్రేములు పెట్టా.