ఒక్క ఊపిరికి ఎన్ని అంకెలు

గియాన్-బారే సిండ్రోమ్ అనే జబ్బు ఒకటుందని నాకు 2024 ఆగస్టు దాకా తెలియదు. అది నన్ను మంచాన పడేసింది. ఎలాగో లేచి మళ్లీ బ్యాంకు కౌంటర్లో కూర్చున్నాను. రాసే ధైర్యం ఇప్పటికి వచ్చింది. నా వేళ్లకు ఊలు అల్లిక చేసిన మేలు గురించి చెప్పాలని ఉంది గానీ, ముందు కోపం సంగతి తేల్చుకోకపోతే అక్కడిదాకా వెళ్లలేను.

మొదట విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో తగ్గిపోయాయి, మర్చిపోయాం కూడా. ఆ తర్వాతి వారంలో అరికాళ్లు తిమ్మిరెక్కడం మొదలైంది. తెల్లారేసరికి తిమ్మిరి పిక్కల దాకా వచ్చింది, మెట్లెక్కుతుంటే మోకాళ్లు మడతపడిపోతున్నాయి. విశాఖలో మా ఇంటికి దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి వెళ్లాం. ఆ డాక్టరుగారు బీపీ చూశారు, కళ్లు చూశారు. ఈ వయసు ఆడవాళ్లకు ఇవన్నీ మామూలేనన్నారు. తర్వాత నన్ను వదిలేసి మావారి వైపు తిరిగి, "ఇంట్లో అత్తాకోడళ్ల గొడవలేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

అత్తయ్యగారు అక్కడే ఉన్నారు. నేను తూలిపోకుండా నా మోచెయ్యి పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ ఏమీ అనలేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం వదిలేశారు.

ఆయన రాసిచ్చింది బి12 ఇంజక్షన్, నిద్రమాత్ర. మోకాలి చిప్ప కింద చిన్న సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి చూసుంటే కాలు కదలదని అక్కడే తెలిసేది. ఈ జబ్బుకు అదే పెద్ద గుర్తు. చాలాసార్లు విరేచనాల్లాంటి జబ్బేదో వచ్చి తగ్గాక, ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థ దారితప్పి సొంత నరాల మీదే పడుతుంది. చాలామందికి కాళ్లతో మొదలై పైకి పాకుతుంది, ఛాతీ కండరాలకు చేరితే ఊపిరి ఆడదు. ఏటా లక్ష మందిలో ఒకరికో ఇద్దరికో వస్తుందట. అరుదైనది తెలియకపోవడం నేరం కాదు. నడవలేకపోతున్నానని చెబుతున్న మనిషిని వదిలేసి ఆవిడ కాపురం గురించి ఆరా తీయడం మాత్రం నేను క్షమించలేను.

మర్నాటికి మంచం మీంచి లేవలేకపోయాను. పెద్దాసుపత్రిలో చేర్చారు. వెన్నులోంచి నీళ్లు తీయడం, నరాలకు కరెంటు పెట్టి చూడటం, పేరు తేలడం అన్నీ ఒక్క రోజులో అయిపోయాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. కిలో బరువుకు మొత్తం మీద రెండు గ్రాముల లెక్కన, ఐదు రోజులకు పంచి. ఖర్చు లక్షల్లో అయింది, మావారు ఎక్కడెక్కడ తెచ్చారో నాకు చెప్పనేలేదు. ఆ మందు తయారు కావడానికి వేల మంది రక్తం ఇవ్వాలని తర్వాత తెలిసింది. వాళ్లలో ఒక్కరి పేరూ నాకు తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు వాళ్లను తలుచుకుంటాను.

రెండో రోజు రాత్రి మాత్రం చచ్చేదాకా మర్చిపోను. వార్డులో ఉన్న నైట్ డ్యూటీ సిస్టర్ చిన్నపిల్ల, పాతికేళ్లు కూడా ఉండవేమో. గంట గంటకూ వచ్చి, "మేడమ్, గట్టిగా ఊపిరి పీల్చుకుని, మధ్యలో ఆగకుండా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టండి" అనేది. సాయంత్రం ముప్ఫై దాటాను. పదింటికి ఇరవై నాలుగు. పన్నెండింటికి పద్దెనిమిది. నాకేమీ ఆయాసంగా లేదు, అలసట అనుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం ప్రతిసారీ అరచేతిలో పెన్నుతో రాసుకుంటోంది. ఒంటిగంటకు దిండు మీంచి తల ఎత్తమంది. ఎత్తలేకపోయాను.

డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసింది. "శాచురేషన్ తొంభై ఎనిమిది ఉంది కదా, పొద్దున్న చూద్దాం" అన్న మాట నాకూ వినిపించింది. ఈ జబ్బులో ఆక్సిజన్ అంకె చివరిదాకా బాగానే ఉంటుంది, అది పడిపోయేసరికి చెయ్యి దాటిపోతుంది. సిస్టర్‌కి ఆ సంగతి తెలుసు. నిద్రలో ఉన్న పెద్ద న్యూరాలజిస్టుకు నేరుగా ఫోన్ చేసి, వణుకుతున్న గొంతుతోనే అరచేతిలో ఉన్న అంకెలు వరసగా చదివింది. నేను పన్నెండు దగ్గర ఆగిపోయినప్పుడు స్ట్రెచర్ వచ్చింది. తెల్లవారుజామున గొంతులో ట్యూబు వేశారు, హడావుడి లేకుండా, టైముకి. ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే ఈ మాటలు రాసేదాన్ని కాదు.

వెంటిలేటర్ మీద ఉన్న రోజుల గురించి ఎక్కువ చెప్పను. స్పృహ పూర్తిగా ఉంటుంది, వేలు కూడా కదలదు. మంచం పక్కన మాట్లాడేవాళ్లు దయచేసి అది గుర్తుపెట్టుకోండి.

ఇంటికొచ్చాక కాళ్లు తొందరగానే దారికొచ్చాయి. చేతులే రాలేదు. జాకెట్టు హుక్కు పెట్టుకోలేను, అన్నం ముద్ద జారిపోయేది, బ్యాంకులో పనిచేసే నేనే నా సంతకం చెయ్యలేకపోయాను. ఫిజియోథెరపిస్టు పళ్లెంలో శనగలు పోసి ఒక్కొక్కటీ ఏరమంటే విసుగొచ్చి ఏడ్చేదాన్ని. అప్పుడు అత్తయ్యగారు ట్రంకుపెట్టెలోంచి ఊలు సూదులు తీశారు. మావయ్యగారు రైల్వేలో ఖరగ్‌పూర్‌లో పనిచేసినన్నాళ్లూ అక్కడి చలికి ఇంటిల్లిపాదికీ స్వెట్టర్లు ఆవిడే అల్లేవారట, పక్కింటి బెంగాలీ ఆవిడ నేర్పితే.

ఆ సన్నటి అల్యూమినియం సూదులు నా చేతిలో నిలవలేదు, జారి కింద పడిపోయేవి. పూర్ణా మార్కెట్లో లావుపాటి వెదురు సూదులు కొనుక్కొచ్చారు. విశాఖ ఉక్కపోతకు నూలు దారమైతే నయమనుకున్నాను. "నూలు సాగదమ్మా, నీ వేళ్లకు కష్టం. ఊలైతే సూదికి దారి ఇస్తుంది" అన్నారు. నిజమే. ఇరవై కుట్లు ఎక్కించి ఇచ్చి, అన్ని వరసలూ సోజాగానే (బెంగాలీలో తిన్నగా అని) అల్లమన్నారు. కుడి సూది ముందునుంచి దూర్చు, దారం చుట్టు, లాగు, పాతది వదిలెయ్యి. చెప్పడానికి నాలుగే పనులు. నాకు వేలి కొసల్లో స్పర్శ లేదు, సూది ఎక్కడుందో కళ్లతో చూస్తేనే తెలుస్తుంది. జారిపోతుందన్న భయంతో దారం బిగబట్టేదాన్ని, కుట్టు సూదికి అతుక్కుపోయేది. ఇరవై కుట్లు ఉన్నట్టుండి ఇరవై మూడయ్యేవి. వరస మొదట్లో దారం సూది మీదుగా వెనక్కి వెళితే మొదటి కుట్టు రెండు కాళ్లతో రెండులా కనిపిస్తుందని, దారాన్ని కిందికి లాగి పట్టుకుని మొదలెట్టాలని ఆవిడ చూపించారు. ప్రతి వరస చివరా లెక్కపెట్టమనేవారు. మొదట్లో నాకు లెక్కపెట్టడమంటేనే గుండె దడ. పన్నెండు దగ్గరకొస్తే ఆగిపోయేదాన్ని. ఆవిడే పదమూడు అనేవారు, అక్కణ్నుంచి నేను.

2025 జనవరిలో పుణేలో ఈ జబ్బు చాలామందికి వచ్చిందని, తాగే నీటి మీద అనుమానమని టీవీలో గంటల తరబడి చెప్పారు. అత్తయ్యగారు టీవీ కట్టేసి, "ఆ రోజు ఆ డాక్టరు అలా అడిగినప్పుడు, నిజంగా నా వల్లే నీకిలా అయిందేమో అనుకున్నానమ్మా. ట్యూబు తీసేదాకా అదే అనుకున్నాను" అన్నారు. అన్నాళ్లూ ఆవిడ ఆ మాట మోస్తున్నారని నాకు తెలియదు. ఎలా ఓదార్చాలో తెలియక అల్లుతూనే కూర్చున్నాను. అప్పుడే ఎడమ చూపుడువేలి కొసన చురుక్కుమంది. సూది మొన నొక్కీ నొక్కీ అక్కడ ఎర్రగా కందింది. నెలల తర్వాత ఆ వేలికి తెలిసిన మొదటి నొప్పి అది. ఇద్దరం ఏడ్చేశాం.

నరం తిరిగి పెరగడం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరేనట. అల్లికతో నరాలు బాగవుతాయని నేను అనను. మందుల వల్ల, కాలం వల్ల, సింహాద్రి అప్పన్న దయ వల్ల బాగయ్యాయి. మోకాళ్ల నొప్పులతోనే కొండ మెట్లన్నీ ఎక్కి అత్తయ్యగారు మొక్కు తీర్చుకున్నారు, వద్దంటే వినలేదు. అల్లిక వేళ్లకు పని పెట్టింది, నాకు ఓపిక నేర్పింది. ఇలాంటి జబ్బు నుంచి లేచినవాళ్లకు నేను చెప్పేది ఒకటే, అలసట రాకముందే సూదులు పక్కన పెట్టండి. పట్టుదలకు పోతే మర్నాడంతా మంచమే గతి.

ఇంట్లో ఎవరికైనా తిమ్మిరి కాళ్ల నుంచి పైకి పాకుతూ బలం తగ్గుతుంటే, తెల్లారేదాకా చూడకండి. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లండి. రాత్రిపూట ఊపిరి లెక్క చూస్తున్నారా అని గట్టిగా అడగండి, మొహమాటపడకండి.

సిస్టర్‌కి మెడకు చుట్టుకునే మఫ్లర్ ఇచ్చి వచ్చాను. ఏసీ చలికి రాత్రిళ్లు వేసుకుంటోందట. క్లినిక్ డాక్టరుగారికి ఉత్తరం రాశాను, నా రిపోర్టుల నకళ్లు జతచేసి. నాకు క్షమాపణ అక్కర్లేదని, అత్తయ్యగారికి చెప్పమని రాశాను. జవాబు రాలేదు. వచ్చే వారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.